హెన్రీ ఫాబ్రె

తడ ప్రాంతమున, పులికాటు సరస్సునకు పడమటి దిక్కున, వరిపొలములు విస్తారముగ కలవు. రాత్రివేళ ఆ పైరుమీద లేతపసుపు వన్నె గల చిన్న రెక్కలపురుగులు ఎగురుచుండును. ఆడుపురుగు రెక్కపై ఒక్కొక్క నల్లని చుక్క యుండును. అది ఆకుకొనలయందు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు వరికాండమును తొలిచి లోన ప్రవేశించును. పైరు లేతదైనచో మొవ్వు ఎండిపోవును. ఈనిన పైరైనచో కంకి తెల్లబడి తాలుగా నిలుచును. పురుగు కాండములో దాగియుండుటచే, మందు చల్లినను అది దానికి తగులుట కష్టము.

ఈ పురుగు రాకను ముందుగా తెలిసికొనుటకు రైతులు పొలములో కఱ్ఱ నాటి, దానికి గరాటు వంటి బుట్ట నొకదానిని కట్టుదురు. దానిని లింగాకర్షక బుట్ట యందురు. ఎకరమునకు మూడు నాలుగు బుట్టలు చాలును. బుట్టలో చిన్న రబ్బరుబిళ్ల తప్ప మరేమియు ఉండదు. దీపము లేదు, తీపి లేదు, మనుష్యుని ముక్కునకు తెలియునంతటి వాసనయు లేదు. అయినను తెల్లవారునప్పటికి అందు రెక్కలపురుగులు పడియుండును. అవి అన్నియు మగవియే.

ఎవరు పిలువగా ఆ మగపురుగులు చీకటిలో అచ్చటికి వచ్చినవి? ఈ ప్రశ్న నూరేండ్లకు పూర్వము ఫ్రాన్సు దేశమున ఒక వృద్ధుని నిద్రకు దూరము చేసెను. ఆయన గొప్ప ప్రయోగశాల గలవాడు కాడు. బడిపంతులు పని చేసి, అదియు పోగొట్టుకొని, పాఠ్యపుస్తకములు వ్రాసి పిల్లలను పోషించుకొన్నవాడు. ఆయన పేరు హెన్రీ ఫాబ్రె.

ఫాబ్రె 1823వ సంవత్సరము డిసెంబరు నెలలో దక్షిణ ఫ్రాన్సునందలి సాన్ లెయోన్ అను కుగ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు నిరుపేదలు. ఇంట తిండికి కరవగుటచే చిన్నతనమున కొంతకాలము కొండమీది పల్లెలో తాత యింట పెరిగెను. పిమ్మట స్వగ్రామమునకు వచ్చి బడిలో చేరెను. ఆ బడి చిత్రమైనది. పంతులుగారి వంటయిల్లును, పడకగదియు, పాఠశాలయు ఒక్కటే. తలుపు తెరచిన చాలు, పందిపిల్లలును కోళ్లును పలకల మధ్యకు వచ్చుచుండెడివి. పంతులుగారు ఊరివారికి క్షౌరము చేయువారు, గుడిగంట మ్రోగించువారు. తీరిక చిక్కినపుడు పిల్లలకు అక్షరములు దిద్దించెడివారు.

ఇంటివారు బాతులను పెంచిరి. వానిని కుంటకు తోలుకొనిపోవు పని బాలునిది. బాతులు నీట ఈదుచుండగా అతడు గట్టున బోరగిల పండుకొని, నీలమణివలె మెరయు పెంకుపురుగులను, తళతళలాడు రాళ్లను ఏరి జేబులు నింపుకొనెడివాడు. జేబులు చినుగుచుండెను. తండ్రి కోపించి వానిని పారవేయించెను. తల్లి, కొడుకు ఎందుకును కొరగాకుండ పోవునని దుఃఖించెను. ఆ దినమున వాకిట పారవేసిన రాళ్లను గూర్చి ఆయన వార్ధక్యమునందును మరువలేదు.

తండ్రికి వ్యవసాయమున లాభము లేక పట్టణమునకు పోయి కాఫీ అంగడి పెట్టెను. అది సాగలేదు. మరియొక పట్టణమున పెట్టెను, అదియు మూతపడెను. ఇట్లు మూడు నాలుగు ఊళ్లు తిరిగిన పిమ్మట కుటుంబము చెల్లాచెదరయ్యెను. పదునైదు పదునాఱేండ్ల ప్రాయమున ఫాబ్రె ఒంటరియై పొట్టపోసికొనవలసి వచ్చెను. తిరునాళ్లలో నిమ్మపండ్లు అమ్మెను. రైలుదారి వేయుచోట కూలిపని చేసెను. ఒకనాడు చేతనున్న కొద్ది డబ్బుతో అన్నము తినుటకు మారుగా పద్యముల పుస్తకము కొని, ఆకలితోనే దానిని చదివెను. దీనిని మెచ్చుకొనుటయో మందలించుటయో తెలియదు గాని, అతని స్వభావ మట్టిది.

1840లో అవిన్యాన్ నగరమునందలి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో విద్యార్థివేతనమునకై పోటీపరీక్ష జరిగెను. ఫాబ్రె ప్రథముడుగా నెగ్గెను. మూడేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, 1842లో కార్పాంత్రా అను పట్టణమున ఉపాధ్యాయుడుగా చేరెను. జీతము ఏటికి 700 ఫ్రాంకులు. అది ఇల్లు గడచుటకే చాలదు. ఒకనాడు పిల్లలకు భూమి కొలుచుట నేర్పుటకై బయలునకు తీసికొనిపోగా, వారు కొలతలు మాని రాళ్లమీద వంగి గడ్డిపరకలతో ఏమియో పీల్చుచుండిరి. అవి రాళ్లమీద మట్టితో గూడు కట్టెడి తేనెటీగల గూళ్లు. పంతులును వంగి చూచెను. నాటి పాఠమేమైనదో గాని, ఆ ఈగలను గూర్చి తెలిసికొనవలెనని ఒక నెల జీతమునంతయు పెట్టి కీటకశాస్త్ర గ్రంథము నొకదానిని ఆయన కొనెను.

అయినను అప్పటికి ఆయన మనస్సు గణితము మీదనే యుండెను. గురువు లేకుండ గణితమును, భౌతికశాస్త్రమును చదివి పట్టములు పొందెను. 1849లో కోర్సికా ద్వీపమున ఉపాధ్యాయపదవి లభించెను. అచ్చటికి మొక్కలను సేకరింప వచ్చిన మొకాన్ తాందాన్ అను పండితుడు ఆయన యింట దిగెను. తిరిగి వెళ్లుటకు ముందు ఆ పండితుడు కుట్టుపని కత్తెరయు, రెండు సూదులును తీసికొని, పళ్లెములో నీరు పోసి, నత్తను కోసి దాని అంగములను ఒక్కొక్కటిగా చూపెను. ప్రాణుల జీవితమును పరిశీలింపుమని సలహా యిచ్చి పోయెను. ఫాబ్రెకు దారి కనబడిన దినమది. మలేరియా జ్వరము తగులుటచే 1853లో ఆయన ద్వీపమును విడిచి అవిన్యాన్ చేరెను. అచ్చట పదునెనిమిదేండ్లు పని చేసెను. ఆ కాలమంతయు జీతము పెరుగలేదు.

అచ్చట ఆయన చేసిన మొదటి గొప్ప పరిశీలన కందిరీగలను గూర్చినది. ఒక జాతి కందిరీగ తన పిల్లలకై పెంకుపురుగులను పట్టి గూటిలో దాచును. అవి చచ్చియు కుళ్లకుండుటకు కారణము ఈగ ఎక్కించు ఒక ద్రవమని నాటి పెద్దలు తలచిరి. ఫాబ్రె గూళ్లను త్రవ్వి చూచి, ఆ పురుగులు చావలేదని, కందిరీగ వాని నరముల కూడలిలో కుట్టి కదలకుండ చేసినదని నిరూపించెను. 1855లో ప్రకటింపబడిన ఈ పరిశోధనకు మరుసటి యేడు ఫ్రెంచి విజ్ఞానపరిషత్తు బహుమతి యిచ్చెను. డార్విను తన సుప్రసిద్ధ గ్రంథమున ఫాబ్రెను పేర్కొనెను. ఫాబ్రె మాత్రము డార్విను పరిణామవాదమును కడవరకు అంగీకరింపలేదు. కన్నులతో చూచినదానినే నమ్మెడివాని బలమును, బలహీనతయు రెండును ఇందు కలవు.

1865లో పట్టుపురుగులకు తెగులు సోకి దక్షిణ ఫ్రాన్సు నష్టపోవుచుండగా, దానిని అరికట్టుటకై పాశ్చరు మహాశయుడు వచ్చి ఫాబ్రెను కలిసికొనెను. పట్టుగూడు చేతికీయగా, పాశ్చరు దానిని చెవియొద్ద ఊపి, లోన ఏమున్నదని అడిగెను. అంతవరకు ఆయన దానిని చూచి యెరుగడు. అట్టివాడు కొలది యేండ్లలో ఆ తెగులునకు విరుగుడు కనుగొనుట ఫాబ్రెకు పెద్ద పాఠమయ్యెను: పుస్తకములలో చెప్పినదానిని మోసికొని పోకుండ, ఏమియు తెలియనివానివలె ప్రశ్నించుట మేలని ఆయన తెలిసికొనెను.

ఫాబ్రెకు పేదరికము తొలగుటకు ఒక్క ఆశ యుండెను. ఆ సీమలో మంజిష్ఠ జాతి మొక్క పండును. దాని వేళ్లనుండి బట్టలకు వేయు ఎఱ్ఱరంగు వచ్చును. ఆ రంగును శుద్ధిగా తీయు విధానమునకై ఆయన అనేక సంవత్సరములు శ్రమించెను. పని ఫలించు వేళకు, 1868లో జర్మనీ రసాయనికులు ఆ రంగునే తారునుండి చేయుట కనుగొనిరి. మంజిష్ఠ పొలములు పాడుపడెను. ఫాబ్రె ఆశయు వానితో పోయెను.

అంతకంటె పెద్ద దెబ్బ మరియొకటి తగిలెను. నాటి విద్యామంత్రి ప్రోత్సాహముతో ఆయన సాయంకాలములందు పెద్దలకు, ఆడుపిల్లలకు ఉచితముగ ప్రకృతిశాస్త్రము బోధించుచుండెను. పువ్వు కాయగా మారు విధమును ఆడుపిల్లలకు చెప్పెనని ఊరి పెద్దలు కొందరు మండిపడిరి. ఉపన్యాసములు ఆగిపోయెను. ఇంటి యజమానురాండ్రగు వృద్ధసోదరీమణులు నెలదినములలో ఇల్లు ఖాళీ చేయుమనిరి. ఐదుగురు పిల్లలతో ఆయన వీధిని పడవలసినవాడే. అవిన్యాన్ చెంత నివసించుచున్న ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ స్టూవర్టు మిల్లు, పత్రము కూడ వ్రాయించుకొనక 3,000 ఫ్రాంకులు అప్పిచ్చెను. ఆ సొమ్ముతో ఫాబ్రె ఆరాంజ్ పట్టణము చేరి, పిల్లల కొరకు శాస్త్రపాఠ్యపుస్తకములు వ్రాసి, రాబడితో ఆ ఋణమును తీర్చెను. ఉద్యోగమును మరల కోరలేదు.

1877లో పదునాఱేండ్ల కుమారుడు జ్యూల్ మరణించెను. కీటకములను వెదకుటలో తండ్రికి కుడిభుజమువంటి బాలుడతడు. ఆ దుఃఖము ఆయనను మంచమున పడవేసెను. తాను క్రొత్తగా కనుగొనిన కందిరీగ జాతులకు ఆ కుమారుని పేరు పెట్టెను.

1879లో, ఏబదియైదేండ్లు దాటిన పిమ్మట, సెరిన్యాన్ గ్రామమున రెండున్నర యెకరముల నేల కొనగలిగెను. రాళ్లును, ముండ్లపొదలును తప్ప మరేమియు పండని ఆ నేలను ఆ సీమవారు హర్మాస్ అందురు. రైతు చూచి ముఖము త్రిప్పుకొను నేల అది. కీటకములకు మాత్రము స్వర్గము. ఆ యేడే ఆయన కీటకజీవిత గ్రంథము మొదటి సంపుటము వెలువడెను. 1907 నాటికి పది సంపుటములు పూర్తియయ్యెను. రెక్కలపురుగుల వృత్తాంతము 1900లో ప్రకటింపబడిన ఏడవ సంపుటమున కలదు.

యూరపు ఖండమున మిక్కిలి పెద్ద రెక్కలపురుగు నొకదానిని మహామయూరమందురు. జానెడు వెడల్పు రెక్కలు, వానిపై నెమలికన్నులవంటి మచ్చలు, మెడకు తెల్లని నూగు. పిల్లదశలో అది బాదము ఆకులు తిని పెరుగును. రెక్కలు వచ్చిన పిమ్మట తిండి తినదు. దానికి తినుటకు తగిన నోరే లేదు. రెండు మూడు రాత్రులు బ్రతుకును. ఆ రెండు మూడు రాత్రులలో జంటను వెదకికొనవలెను.

మే నెల 6వ తేదీ ఉదయమున ఫాబ్రె పనిగదిలో ఒక గూటినుండి ఆడు మహామయూరము వెలువడెను. కోళ్లను కప్పు గంపవంటి తీగెబుట్టను దానిపై బోర్లించి, ఆయన ఆ సంగతి మరచెను. రాత్రి తొమ్మిది గంటలకు ఇంటివారు పడుకొనబోవుచుండగా పక్కగదిలో కలకలము పుట్టెను. చిన్నకుమారుడు పాల్ సగము బట్టలు విప్పుకొని, కుర్చీలు పడద్రోయుచు, పక్షులంత పురుగులు గదినిండ వచ్చినవని కేకలు వేయుచుండెను. పనిమనిషి వంటయింట గబ్బిలములు చొరబడినవని తలచి కొంగుతో తోలుచుండెను. ఫాబ్రె కొవ్వొత్తి పట్టుకొని బాలునితో పనిగదికి పోయెను. కిటికీ తెరచియున్నది. పెద్దపెద్ద రెక్కలు తపతప కొట్టుకొనుచు, తీగెబుట్ట చుట్టు తిరుగుచు, కప్పునకు తగిలి క్రిందపడుచు, మరల లేచుచుండెను. కొవ్వొత్తి ఆరిపోయెను. పురుగులు వారి భుజములమీద వ్రాలెను. ఇల్లంతయు కలిపి సుమారు నలుబది, అన్నియు మగవి.

ఎనిమిది రాత్రులలో 150 వరకు వచ్చెను. ఆ జాతి ఆ ప్రాంతమున అరుదు. చీకటి రాత్రి, ఉఱుములు, ఇంటి చుట్టు దట్టమైన చెట్లు. వీని నన్నిటిని దాటి ఎంతో దూరమునుండి, పొదలలో రెక్క యైనను చిరుగకుండ, అవి తిన్నగా వచ్చెను. వెలుతురు దారి చూపినదనుటకు వీలులేదు. ధ్వని యేదియు లేదు. ఇక మిగిలినది వాసన. అయితే ఫాబ్రె గాని, ఇంటిలో పిల్లలు గాని, ఎంత మూచూచినను ఆ ఆడుపురుగు యొద్ద ఏ వాసనయు లేదు.

మగపురుగునకు తలపై చిన్న యీకలవంటి మీసములు రెండు కలవు. వానితోనే అది దారి తెలిసికొనునేమో యని, కొన్నింటి మీసములు కత్తిరించి విడిచెను. మరునాడు అవి దాదాపుగా తిరిగి రాలేదు. మరియొకరైనచో అంతటితో విజయము ప్రకటించి యుండును. ఫాబ్రె తొందరపడలేదు. మీసములను ముట్టక, వీపుమీది నూగును మాత్రమే కొంచెము గొరిగి, మరి పదునాలుగు పురుగులను విడిచెను. వానిలోను రెండే తిరిగి వచ్చెను. అనగా రాకపోవుటకు మీసములు లేకుండుట కారణము కాకపోవచ్చును. అవి అప్పటికే ముసలివై, చావునకు సిద్ధమై యుండవచ్చును. రాత్రుల తరబడి చేసిన ప్రయోగము దేనిని నిరూపింపలేదని ఆయన ఒప్పుకొని, ఆ యొప్పుకోలునే అచ్చువేయించెను.

మరల ప్రయోగము చేయుటకు ఆడుపురుగు కావలెను. అవి సంవత్సరమున కొక్కమారు మాత్రమే వచ్చును. ఆయన ఊరి పిల్లలకు కాసులిచ్చి గొంగళిపురుగులను కొనెను; చలికాలమున బాదముచెట్ల మొదళ్లలో గూళ్లకై వెదకెను. ఒక వసంతమున చలిగాలి వీచి మగపురుగులు బయటికే రాలేదు. మరుసటి యేటివరకు ఎదురు చూచెను. అప్పుడు వాసన సంగతి తేల్చుకొనుటకై గదినిండ నాఫ్తలీను ఉంచెను. మనుష్యునికి ఆ గాటులో మరే వాసనయు తెలియదు. అయినను మగపురుగులు యథాప్రకారముగ వచ్చెను. కాగా వారిని పిలుచునది వాసన కాదని ఆయన తలచెను. నాడు క్రొత్తగా కనుగొనబడిన హెర్ట్జు తరంగములవలె కంటికి కనబడని తరంగములేవైన ఆడుపురుగునుండి వెలువడుచున్నవా యని కూడ ఊహించెను.

అయితే మరియొక ప్రయోగము ఆ యూహకు అడ్డువచ్చెను. ఆడుపురుగును గాజు, రేకు, కఱ్ఱ, దేనితోనైనను చేసిన పెట్టెలో సందులేకుండ మూసినచో ఒక్క మగపురుగును రాదు. సన్నని సందు విడిచినచో, ఆ పెట్టెను అలమారులో దాచినను, అవి వెదకుచు వచ్చును. తరంగమైనచో గాజునో, కఱ్ఱనో దాటి రావలెను గదా! రెండు సాక్ష్యములు ఒకదానికొకటి పడకుండెను.

ఈ చిక్కు విప్పుటకు ఊహింపని సాయము వచ్చెను. కూరలు తెచ్చి యిచ్చు ఏడేండ్ల బాలుడొకడు ఒకనాడు ఒక గూడు తెచ్చెను. అది సింధూర వృక్షజాతి ఆకులపై బ్రతుకు వేరొక రెక్కలపురుగుది. ఇరువదేండ్లుగా ఆ ఊరిలో దానిని ఫాబ్రె చూచి యెరుగడు. ఆగస్టు నెలలో ఆడుపురుగు వెలువడెను. మూడవనాడు మధ్యాహ్నపు ఎండలో అరువది మగపురుగులు కిటికీలోనుండి దూసికొని వచ్చెను. ఇది పగటివేళ తిరుగు జాతి, కొవ్వొత్తి అక్కరలేదు. ఫాబ్రె సంతోషమునకు మేరలేదు. ఆ సంతోషములోనే పొరపాటున, అదే తీగెబుట్టలో ఒక గొల్లభామపురుగును కూడ ఉంచెను. తెల్లవారి చూచునప్పటికి ఆడురెక్కలపురుగు దాని పొట్టలో నుండెను. మరియొక గూడు దొరకుటకు మూడేండ్లు పట్టెను.

ఈ మారు ఆయన జాగ్రత్తపడెను. ఆడుపురుగును ఒక రాత్రి తీగెబుట్ట క్రింద నుంచి, మరునాడు దానిని తీసి గాజుబుడ్డి క్రింద, కిటికీకి ఎదురుగా, అందరికి కనబడునట్లు పెట్టెను. ఖాళీ తీగెబుట్టను గది మూల చీకటిలో నుంచెను. మగపురుగులు కిటికీలోనుండి వచ్చి, గాజులోని ఆడుపురుగు ప్రక్కనే దాటిపోయి, మూలనున్న ఖాళీబుట్టను చుట్టుకొనెను. ప్రొద్దు క్రుంకువరకు అచ్చటనే రెక్కలాడించెను. తరువాత ఆడుపురుగును సింధూరపు కొమ్మపై కొంతసేపు వ్రాలనిచ్చి, ఆ కొమ్మను తీసి కుర్చీపై పెట్టెను. మగపురుగులు కొమ్మను ఆకు ఆకుగా తడవెను. కొమ్మ నేలకు జారిపడగా కొన్ని దానివెంట దిగెను. కొన్ని అది యుండిన కుర్చీనే వెదకుచుండెను. ప్రత్తి, ఉన్నిగుడ్డ మొదలైనవి ఆ గుణమును బాగుగ పట్టియుంచెను. ఆడుపురుగును కన్నులార చూచియు అవి చూడనట్లే పోయెను. ఆమె కూర్చుండిన చోటే వానికి ఆమె.

ఫాబ్రె తన పూర్వాభిప్రాయమును మార్చుకొనెను. ఆడుపురుగు మన ముక్కునకు అందని సూక్ష్మపదార్థమును విడుచును. అది తాకిన వస్తువునకు అంటుకొనును. మగపురుగు దానిని పట్టియే వచ్చును. నాఫ్తలీను దానినేల చెరుపలేదో మాత్రము ఆయనకు తెలియలేదు. మగపురుగు మీసములు ఆ యొక్క పదార్థమునకే తగినట్లు ఏర్పడి యుండుననియు, ఇతరమైన గాటు వానిని బాధింపదనియు తెలిసికొనుటకు ఇంకను అరువదేండ్లు పట్టెను.

వార్ధక్యమున ఫాబ్రె పుస్తకముల అమ్మకము తగ్గి మరల బీదరికము చుట్టుకొనెను. 1910లో మిత్రులు ఉత్సవము జరిపి ఆయన పేరును దేశమునకు జ్ఞాపకము చేసిరి. ప్రభుత్వము భరణ మేర్పరచెను. 1913లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు ఆయనను చూచుటకు హర్మాస్‌నకు వచ్చెను. చూపు మందగించి, నడువలేక, ఇంటనే యుండి, 1915 అక్టోబరు 11వ తేదీన ఆయన కన్నుమూసెను.

ఆయన విడిచిన ప్రశ్నను జర్మనీ శాస్త్రజ్ఞుడు బుటెనాంట్ చేపట్టెను. మదనపల్లె, పలమనేరు, కుప్పము సీమలందు రైతులు పెంచు మల్బరీ పట్టుపురుగునే ఆయన యెన్నుకొనెను. ఆ ప్రాంతమున పట్టుగ్రుడ్లు తయారుచేయువారికి ఇది తెలిసిన దృశ్యమే: ఆడుపురుగు గూటినుండి వచ్చి తోకచివర పసుపుపచ్చని తిత్తులు రెండింటిని వెలికి తీయును, ఆ గాలి సోకగానే మగపురుగు రెక్కలు కొట్టుకొనుచు గిరగిర తిరుగును. ఇరువదేండ్లు శ్రమించి, సుమారు ఐదు లక్షల ఆడుపురుగుల తిత్తులనుండి కొలది మిల్లీగ్రాముల పదార్థమును తీసి, 1959లో దాని రసాయన నిర్మాణమును ఆయన నిర్ణయించెను. ఇట్టి పదార్థములకు ఫెరోమోనులను పేరు ఆ సంవత్సరమే ఏర్పడెను.

పదార్థ మేదో తెలిసిన పిమ్మట దానిని ప్రయోగశాలలో చేయవచ్చును. ఆపిలు తోటలకు కాడ్లింగ్ అను రెక్కలపురుగు పెద్ద పీడ. దాని పిల్ల పండును తొలిచి గింజలవరకు పోవును. మన దేశమున లడఖ్ తోటలకు దాని బాధ కలదు. పూర్వము అమెరికా తోటలవారు దీనిపై సీసము, పాషాణము కలిసిన విషమును ఏండ్ల తరబడి చల్లిరి. ఆ విషము కొన్నిచోట్ల నేలలో ఇంకను మిగిలియున్నది. తరువాత డి.డి.టి. చల్లిరి, పురుగులు దానికి తట్టుకొన నేర్చెను. 1971లో ఆ పురుగు ఫెరోమోనును అమెరికా శాస్త్రజ్ఞులు గుర్తించిరి. దానిని కొమ్మలకు కట్టు గొట్టములలో నుంచియు, సూక్ష్మమైన గుళికలుగా నీటిలో కలిపి పిచికారీ చేసియు తోట గాలినంతయు ఆ వాసనతో నింపుదురు. అప్పుడు మగపురుగునకు ప్రతి కొమ్మయు ఆడుపురుగే యగును. నిజమైనది ఎక్కడనున్నదో తెలియక తిరిగి తిరిగి అలసిపోవును. జంట కలియదు, గ్రుడ్లు ఫలింపవు. ఒక్క పురుగును చంపకుండ, తేనెటీగలకు హాని చేయకుండ, పండు నిలుచును. 1990 దశకమున ఆంధ్రప్రదేశ్ వరిపొలములందును శాస్త్రజ్ఞులు ఈ విధానమునే కాండము తొలుచు పురుగుపై ప్రయోగించి చూచిరి.

ఇందు లోపములు లేకపోలేదు. ఒక జాతి వాసన మరియొక జాతికి పనికిరాదు. ఒక్క రైతు తన యెకరమున మాత్రమే చేసినచో, పొరుగుపొలమున జంట కలిసిన ఆడుపురుగు ఎగిరివచ్చి గ్రుడ్లు పెట్టును. ఊరివారందరు కలిసి చేసిననే ఫలితము. బుట్టలోని రబ్బరుబిళ్లను మూడు నాలుగు వారములకు మార్చవలెను. మార్చునపుడు పాతబిళ్లను గట్టుమీద పారవేయరాదనియు, పొలమునకు దూరముగ పాతిపెట్టవలెననియు రైతులకు చెప్పుదురు. అది పడినచో మగపురుగులు క్రొత్తబుట్టను విడిచి అచ్చటనే గుమిగూడవచ్చును. సెరిన్యాన్ గదిలో, కొమ్మ నేలపడిన పిమ్మటను, ఖాళీ కుర్చీని చుట్టుకొనినట్లు.